అభ్యంతరం లేదు

బంట్రోతు మూడోసారి పిలిచాడు. వరండాలోంచి ఎవరూ రాలేదు.

"మీ సాక్షి ఏదండీ?" అన్నారు జడ్జి.

డిఫెన్స్ లాయరు లేచి నిలబడ్డాడు. కోర్టు మొదలవడానికి కాస్త ముందు డిటెక్టివ్ గబగబా వచ్చి ఆయన చెవిలో ఒక్కటే మాట చెప్పింది. సాక్షి లాడ్జి గదిలో లేదు, ఫోను మోగడం లేదు.

"దారిలో ఉండి ఉంటుంది సార్. కొంచెం గడువు ఇప్పించండి."

"ఇవాళ్టితో మీ సాక్ష్యం అయిపోవాలని పోయిన వాయిదాలోనే చెప్పాను."

అవతలి బల్ల దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటరు లేచాడు. ఆయన లేచింది అడ్డు చెప్పడానికేనని గదిలో కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళు అనుకోరు.

"నాకు అభ్యంతరం లేదు సార్. మా మిత్రుడు ఊరికే గడువు అడిగే మనిషి కాదు."

జడ్జి కలం మూత తీశారు. "మూడింటి దాకా. అప్పటికి సాక్షి బోనులో లేకపోతే డిఫెన్స్ సాక్ష్యం ముగిసినట్టు రాసుకుంటాను. వాదనలు రేపు."

ఇటువైపు ముద్దాయి బోనులో లిఫ్టు మెకానిక్ కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముగిసినట్టు అన్న మాట దగ్గర అతని చెయ్యి కమ్మీ మీదినుంచి జారింది. కానిస్టేబుల్ అతని భుజం తట్టి లాకప్ వైపు నడిపించాడు.

కేసు చిన్నది. కోర్టుకు రెండు వీధుల అవతల ఐదంతస్తుల ఆఫీసు భవనం ఉంది. అయిదు నెలల కిందట దాని మేనేజరు మేడ మీద లిఫ్టు మోటార్లుండే మెషిన్ రూములోంచి రెండో లిఫ్టు తిరిగే షాఫ్టులో పడి చనిపోయాడు. ఆ లిఫ్టు మరమ్మతులో ఉంది, షాఫ్టు మీది రేకు తీసి ఉంది. మేనేజరు చొక్కా కాలరు చిరిగి ఉంది గనుక జారి పడలేదని తేలింది. పెనుగులాటలో ఎవరి చెయ్యో తగిలి అక్కడి మెయిన్ స్విచ్ కిందికి పడి కరెంటు పోయింది. నడుస్తున్న మొదటి లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిపోయింది. ఆ స్విచ్ మీద మెకానిక్ వేలిముద్ర దొరికింది. ముందురోజు పని ఆలస్యమైందని మేనేజరు అతన్ని నలుగురి ముందు తిట్టాడని ఇద్దరు చెప్పారు. పోలీసులకు అంతకన్నా అక్కర్లేకపోయింది.

మెకానిక్ చెప్పేది వేరు. కరెంటు పోయినప్పుడు తను మూడో అంతస్తులో ఉన్నాడు. లిఫ్టులోంచి ఎవరో ఆడమనిషి అరిచింది. అతను తలుపుకు నోరు ఆనించి భయపడొద్దని చెబుతూ ఉన్నాడు. అలా మాట్లాడుతుండగానే పక్క షాఫ్టులో ఏదో పడ్డ చప్పుడైంది. పైకి పరిగెత్తి స్విచ్ వేశాడు. వేలిముద్ర అప్పుడు పడింది. మెషిన్ రూములో ఎవరూ లేరు. కరెంటు రాగానే ఆ ఆడమనిషి కిందికి దిగి వెళ్ళిపోయింది. ఆమె గొంతు తప్ప మనిషిని అతను చూడలేదు. పోలీసులు అసలు అలాంటి మనిషే లేదన్నారు.

మనిషి ఉంది. మెకానిక్ అక్క ప్రాధేయపడితే ఈ పని ఒప్పుకున్న డిటెక్టివ్‌కి ఆమెను వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. కుట్టుపని నేర్పే టీచరు. ఆ రోజు మొగుడికి తెలియకుండా నాలుగో అంతస్తులో కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్ళింది. అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఇప్పుడు మొగుణ్ణి వదిలేసింది గనుక చెబుతానంది.

ఆమె ఇంకో సంగతి చెప్పింది. అప్పట్లో ఆమె కుడికాలికి ప్లాస్టర్ ఉంది, చంకలో కర్ర ఉంది. పైకి వెళ్ళేటప్పుడు లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే లోపలున్న ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "తొందరేం లేదమ్మా, నిదానంగా" అన్నాడు. కర్ర ఎక్కడ ఆనించాలా అని ఆమె నేల చూస్తోంది, ఆయన ముఖం చూడలేదు. ఆమె నాలుగులో దిగింది. ఆయన ఇంకా పైకి వెళ్ళాడు. ఆమె తిరిగి దిగేటప్పుడే లిఫ్టు ఆగింది.

కాలి సంగతి, తలుపు సంగతి డిటెక్టివ్ లాయరుకు కూడా చెప్పలేదు. అవి కోర్టులో టీచరు నోటినుంచే మొదటిసారి రావాలని అట్టేపెట్టింది. ఇప్పుడామె కాలికి ప్లాస్టరూ లేదు, చేతిలో కర్రా లేదు. మామూలుగానే నడుస్తుంది.

నిన్న రాత్రి దాకా ఆమె లాడ్జిలోనే ఉంది. పొద్దున ఏడింటికి లాయరు గారి ఆఫీసు నుంచి అంటూ కారొచ్చిందని, ఆమె ఎక్కి వెళ్ళిందని లాడ్జి గుమాస్తా చెప్పాడు. లాయరు ఆఫీసు నుంచి ఏ కారూ వెళ్ళలేదు.

వరండా చివర మెట్ల కింద డిటెక్టివ్ లాయరును నిలబెట్టింది.

"లాడ్జి పేరు ఎవరికి చెప్పారు సార్?"

"ఎవరికీ చెప్పలేదమ్మా."

"నాకు తెలుసు, మీకు తెలుసు. నేను చెప్పలేదు."

"నన్ను అనుమానిస్తున్నావా?" అరవై దాటిన ఆ మనిషి గౌను మడతలు సర్దుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసు నాది."

"అందుకే అడుగుతున్నా. కొత్త సాక్షిని పిలవడానికి మొన్న పిటిషన్ వేశారు. ఆఖరి నిమిషంలో వేసిన పిటిషన్‌ని జడ్జి గారు ఒక్క మాటతో ఒప్పుకున్నారు. ఎలా?"

"అవతలివాళ్ళు అభ్యంతరం లేదని రాశారు గనుక."

"ఊరికే రాశారా?"

మెట్ల మీద ఎవరో దిగుతుంటే ఇద్దరూ ఆగారు. చప్పుడు దూరమయ్యాక ఆయన గొంతు తగ్గించాడు.

"సాక్షి ఎవరో, ఎక్కడ ఉందో తెలియకుండా ఎవరైనా సంతకం పెడతారా? చూపించాను. అది చెప్పడం కాదు. మర్యాద."

"ఎవరికి చూపించారు?"

"ఇంకెవరికి? ప్రాసిక్యూటరు గారికి. ఆయనకొక్కడికే. మా ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ళుగా ఉన్న పద్ధతి. ఆయన కొత్త కాగితం పెడుతున్నాడంటే ముందురోజే నా బల్ల మీద ఉంటుంది. నేనూ అంతే. దొంగచాటు దెబ్బలు ఉండవు. నాకు జ్వరమొస్తే ఆయన వాయిదా అడుగుతాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇదే కేసులో నేను వాయిదా అడిగాను."

"ఎన్నాళ్ళు?"

"నెల."

"ఆ నెల జైల్లో ఉన్నది ఎవరు సార్?"

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

ప్రాసిక్యూటరు గది తలుపు తెరిచే ఉంది. డిటెక్టివ్ గుమ్మంలోకి రాగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఎదుటి కుర్చీ మీది ఫైళ్ళు తీసి కింద పెట్టాడు.

"కూర్చోండి మేడమ్. సాక్షి సంగతి ఏమైనా తెలిసిందా?"

"మిమ్మల్ని అడుగుదామనే వచ్చాను. లాడ్జి పేరు మీరు ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. అది మా మిత్రుడు నన్ను నమ్మి చూపించింది."

"మీ ఇన్‌స్పెక్టరుకి కూడా?"

"ఆయనకు కూడా. చెబితే లాడ్జి చుట్టూ పోలీసులు తిరుగుతారు, సాక్షి బెదురుతుంది. మీకది నష్టం." ఆయన చేతులు ముడిచి బల్ల మీద పెట్టాడు. "నేను కేసు గెలవాలనుకుంటాను మేడమ్, కాదనను. కానీ సాక్షిని మాయం చేసి గెలవడం గెలుపేనా?"

ఆమె వెళ్తుంటే ఆయన తలుపు దాకా వచ్చి, ఆమె దాటేదాకా దాన్ని పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరును కాపాడటానికి అబద్ధమాడుతున్నాడని డిటెక్టివ్ అనుకుంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదన్న సంగతి ఆమెకు తరవాత తెలిసింది.

ఇన్‌స్పెక్టరు కోర్టు క్యాంటీన్‌లో ఉన్నాడు. ఆయన డిటెక్టివ్‌కి మరిది. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేసే నాటికి అతను ఆమె చేతి కింద ఎస్సై. ఇంట్లో పండగలకీ పబ్బాలకీ ఒకే బల్ల మీద తింటారు. బయట మాత్రం ఆమె ఈ కేసు ఒప్పుకున్నప్పటినుంచీ పడటం లేదు.

"రా వదినా. టీ తాగుతావా? అన్నయ్య మందులు వేసుకుంటున్నాడా?"

"నా సాక్షిని ఎక్కడ పెట్టావు?"

"ఏ సాక్షి?"

"నాటకాలొద్దు."

"నాటకమేంటి. నీకో సాక్షి ఉందని ఇవాళ బంట్రోతు పిలిచినప్పుడే విన్నా. పేరు కూడా సరిగ్గా వినపడలేదు."

"మొన్న పిటిషన్ పడింది. ప్రాసిక్యూటరు చెప్పలేదా?"

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. ముఖంలో నవ్వు పోయింది. "మొన్ననా? ఇది నా కేసు. నాకు చెప్పకుండా ఒప్పుకున్నాడా?"

డిటెక్టివ్ అతన్ని పదిహేనేళ్ళుగా ఎరుగును. అబద్ధమాడేటప్పుడు అతను ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తాడు. ఇప్పుడు గ్లాసును చూస్తున్నాడు. నిజంగానే ఉడుక్కున్నాడు.

"ఆ లాయర్లిద్దరూ ఒకటే వదినా. పొద్దున కొట్టుకుంటారు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తింటారు. మనమే పిచ్చివాళ్ళం. మొన్నటికి మొన్న వచ్చి, వాదనకు ముందు చోటు చూడాలి, భవనం గేటు తాళంచెవి ఇవ్వవోయ్ అన్నాడు. ఇచ్చా. అప్పుడైనా ఒక్క ముక్క చెప్పొచ్చు కదా."

"ఆ చెవి తిరిగిచ్చాడా?"

"ఇస్తాడ్లే. ఎక్కడికి పోతుంది. పెద్దమనిషి."

"నువ్వు ఈ కేసులో ఆ వేలిముద్ర తప్ప ఇంకేమైనా చూశావా? లిఫ్టులో మనిషి ఉందని వాడు మొత్తుకుంటుంటే ఒక్క కానిస్టేబుల్‌ని పంపి నాలుగో అంతస్తులో అడిగించావా? నాతో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఫైలు తెస్తే నీ ముఖాన కొట్టేదాన్ని."

పక్క బల్ల దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు తలలు వంచుకుని తినడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంట్లో నువ్వు పెద్దదానివి. ఇక్కడ కాదు. మూడింటి దాకా నాకు ఫోను చెయ్యకు. నీ నంబరు కనిపిస్తే కట్ చేస్తా."

లాకప్‌లో మెకానిక్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డిటెక్టివ్ కటకటాలకు ఇటువైపు నేల మీద కూర్చుంది.

"ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పు."

"నూరుసార్లు చెప్పా మేడమ్."

"నూటొకటోసారి చెప్పు. స్విచ్ వేశాక లిఫ్టు దానంతటదే కిందికి పోయిందా?"

"పోదు. అది పాత రకం. కరెంటొచ్చినా ఉన్నచోటే ఉంటుంది. లోపల ఎవరో బటన్ నొక్కితేనే కదులుతుంది."

"బయట నుంచి పిలిస్తే?"

"కిందనుంచి పిలిచే బటన్ పాడై అప్పటికి వారం. అదీ నేనే బాగుచెయ్యాలి."

డిటెక్టివ్ సంచిలోంచి పోలీసుల ఫొటో తీసింది. శవం దొరికిన గంటకు మెషిన్ రూములో తీసింది. పెద్ద చక్రం మీదుగా ఉక్కుతాళ్ళు దిగుతున్నాయి. తాడు మీద తెల్లరంగు గీత ఒకటి మసకగా కనిపిస్తోంది.

"ఈ గీతేంటి?"

"అంతస్తు గుర్తు. లిఫ్టు ఎక్కడుందో పైనుంచే తెలియాలి గదా, తాడుకి రంగు వేస్తాం. గ్రౌండుకి ఒక గీత, ఒకటికి రెండు, అలా. ఆ గీత కిందున్న ఇనప దిమ్మ మీది గీతతో కలిస్తే లిఫ్టు ఆ అంతస్తులో ఉన్నట్టు. ఇది ఒక గీత. గ్రౌండు."

"అంటే పోలీసులు వచ్చేసరికి లిఫ్టు గ్రౌండులో ఉంది. లోపల మనిషి లేకుండా అది అక్కడికి రాదు."

మెకానిక్ నిటారుగా కూర్చున్నాడు. "రాదు మేడమ్."

సాక్షి లేకుండానే సాక్ష్యం. ఫొటోలో గీతలు కలిశాయా లేదా అన్నది అవతలివాళ్ళు వాదించగలిగేంత మసకగా ఉంది. దగ్గరనుంచి ఇంకో ఫొటో కావాలి.

"ఇప్పటికీ అక్కడే ఉంటుందా?"

"సీలు వేసిన లిఫ్టు ఎక్కడికి పోద్ది. నాలాగే."

భవనం అప్పటినుంచి మూసే ఉంది. లిఫ్టులు లేవని ఆఫీసులు ఒక్కొక్కటే ఖాళీ చేశాయి. గేటుకు తాళం. అయితే పక్క భవనం మేడకూ దీనికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉందని, మెషిన్ రూముకు తాళం లేదని, బయట గడియ, దాని మీద సీలు మాత్రమే ఉంటాయని మెకానిక్ చెప్పాడు.

"ఐదో అంతస్తులో ఎవరుండేవారు?" లేస్తూ అడిగింది డిటెక్టివ్.

"బోర్డు లేని గది ఒకటి ఉండేది. మేనేజరు గంటల లెక్కన ఇచ్చేవాడు. పైకి కోర్టు పెద్దలొస్తారు, లిఫ్టు ఆగితే నీ ఉద్యోగం పోతుంది అనేవాడు. ఎవరెందుకు వస్తారో అంతా తన దగ్గర రాసి ఉందనీ అనేవాడు. ఎవరో నేనెప్పుడూ చూళ్ళేదు. మాకు మెట్లే."

దారిలో ఆమె లాయరుకు ఫోను చేసి ఎక్కడికి వెళ్తోందో చెప్పింది.

"సీలు తెంపితే నేరం అమ్మా. పర్మిషను తీసుకుని..."

"మూడింటిలోపు పర్మిషను రాదు. సార్, ఈ ఒక్కసారికి ఎవరికీ చెప్పకండి."

"ఊఁ" అన్నాడు లాయరు.

పక్క భవనం మేడ మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఎవరూ లేరు. డిటెక్టివ్ గోడ దాటింది. మెషిన్ రూము తలుపు ఇనుముది. గడియ మీద అతికించిన సీలు కాగితం చెక్కుచెదరలేదు. అంచులు ఎండకు మడతపడ్డాయి. ఆమె దాన్ని నాలుగువైపులా ఫొటో తీసి, బ్లేడుతో కోసి, గడియ తీసింది.

లోపల లైటు స్విచ్ వేస్తే వెలగలేదు. ఆమె ఫోను టార్చి వేసింది. తలుపు దాని బరువుకు అదే మూసుకుంది.

ఎడమవైపు రెండో లిఫ్టు షాఫ్టు మీద ఇప్పుడు రేకు కప్పి ఉంది. గోడకు మెయిన్ స్విచ్. అది పైకే, వేసే ఉంది. కుడివైపు మొదటి లిఫ్టు మోటారు, చక్రం, తాళ్ళు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తాడు మీద గీతల కోసం చూసింది.

దిమ్మ మీది గీత దగ్గర తాడు మీద ఏ గుర్తూ లేదు. జానెడు పైన నాలుగు గీతలున్నాయి, మూడో అంతస్తు గుర్తు. లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఉంది.

ఆమె పోలీసు ఫొటో తీసి పక్కన పెట్టి మళ్ళీ చూసింది. ఫొటోలో ఒక గీత. ఇక్కడ గీతే లేదు. మోటారు మీద అయిదు నెలల దుమ్ము ఉంది. నేల మీద ఆమె అడుగులు తప్ప వేరే అడుగు లేదు. చక్రం గాడిలో మాత్రం దుమ్ము లేదు. గ్రీజు మెరుస్తోంది.

ఈ గదిలోకి ఎవరూ రాలేదు. లిఫ్టు మాత్రం నడిచింది. కిందనుంచి నడిపారు. నడిపి, కింద మీటరు బోర్డు దగ్గర కరెంటు తీసేశారు. అందుకే ఇక్కడ లైటు వెలగలేదు. కింద లోపలికి రావాలంటే గేటు తాళం తియ్యాలి.

తాళంచెవి ఎవరి దగ్గరుందో మరిది చెప్పాడు.

అప్పుడు కిందనుంచి చప్పుడు వినిపించింది. ఆగి ఆగి, చేత్తో రేకును కొట్టినట్టు. డిటెక్టివ్ తాళ్ళు దిగే కంత దగ్గర నోరు పెట్టింది.

"ఎవరు?"

చప్పుడు ఆగింది.

"మేడమ్? మీరేనా?" టీచరు గొంతు. అరిచి అరిచి బొంగురుపోయింది.

"నేనే. దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. చీకటి. పొద్దుట్నుంచి చీకటి. గాలి ఆడటం లేదు మేడమ్."

"తలుపు దగ్గర కూర్చో. సందు దగ్గర ముఖం పెట్టు. నిన్నెవరు తెచ్చారు?"

"లాయరు గారి ఆఫీసన్నారు. కారు తనే నడుపుకుంటూ వచ్చాడు. టోపీ, ముఖానికి మాస్కు. కోర్టుకెళ్ళే ముందు ఆ రోజు ఎలా జరిగిందో ఒకసారి లిఫ్టులో నిలబడి చూపిస్తే చాలన్నాడు. ఎక్కాను. తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, 'తొందరేం లేదమ్మా, నిదానంగా' అన్నాడు. అప్పుడు తెలిసింది మేడమ్. ఆ రోజు నాతో ఎక్కినాయనే. దిగుదామనుకునేలోపు చెయ్యి తీసేశాడు. నాలుగో నంబరు ముందే నొక్కి ఉంచాడు."

డిటెక్టివ్ చేతిలో ఫోను మోగింది. లాయరు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"మెషిన్ రూములో. సార్, వినండి..."

"ముందు నా మాట విను, మళ్ళీ టైముండదు. ఇక నువ్వు సీలు గురించి భయపడక్కర్లేదు. ఆయనతో మాట్లాడేశాను. నువ్వు అక్కడికి వెళ్ళావని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పాను. అభ్యంతరం చెప్పనన్నారు. చూశావా, అడిగితే ఏం పోయింది?"

"ఎప్పుడు చెప్పారు?"

"నువ్వు ఫోను పెట్టేసిన వెంటనే. ఆయనకేదో అరగంట పని ఉందట, మన కేసు పిలిస్తే కాస్త పక్కన పెట్టించమన్నారు. నాకు అభ్యంతరం లేదన్నాను. ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా." లాయరు వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు. "ఇంకో సంగతి. సాక్షి దొరికితే బోనులో కుర్చీ వేయిస్తానన్నారు. కాలి ప్లాస్టర్ తీసేశారా, ఇంకా కర్రతోనే నడుస్తోందా అని అడిగారు. ఆవిడ కాలు బాగాలేదని నువ్వు నాకు చెప్పనేలేదే? అవతలాయన అడిగితే తెల్లముఖం వేశాను. అదిగో, జడ్జి గారొస్తున్నారు. ఫోను ఆపాలి, ఉంటానమ్మా."

"సార్, ఆపకండి. సార్."

ఆగిపోయింది. ఆమె మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. కోర్టులో ఫోను మోగితే బంట్రోతు లాక్కుంటాడు, లాయరు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పరిస్థితి తెచ్చుకోలేదు.

ఆ రోజు టీచరు కాలికి ప్లాస్టర్ ఉందని మెకానిక్‌కి తెలియదు. పోలీసులకు తెలియదు. కౌన్సెలింగ్ సెంటరు అక్కడ లేకుండా పోయి మూడు నెలలైంది. తెలిసినవాడు ఒక్కడు. లిఫ్టు తలుపు పట్టుకున్నవాడు.

ఆమె మరిదికి ఫోను చేసింది. రెండుసార్లు మోగింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. ఒక్కసారే మోగింది, కట్ చేశాడు. మెసేజీ కొట్టడం మొదలుపెట్టింది. లిఫ్టు, ప్రాసిక్యూటరు, రా అని మూడు మాటలు. పంపింది. గది గోడలు కాంక్రీటువి, కాల్స్ పోతున్నా నెట్ అందడం లేదు. మెసేజీ వెళ్ళలేదు, తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది.

"మేడమ్, ఉన్నారా?" కిందనుంచి టీచరు.

"ఉన్నాను. మాట్లాడకు."

మెట్ల మీద అడుగులు. పరుగు కాదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ వస్తున్నాయి. డిటెక్టివ్ తలుపు దగ్గరికి రెండంగల్లో వెళ్ళి తోసింది. వేలెడు తెరుచుకుంది. ఆ సందులో నల్లకోటు చెయ్యి కనిపించింది. చెయ్యి తలుపును వెనక్కి నెట్టింది, కొట్టలేదు, నెట్టింది. బయట గడియ పడింది.

ఆమె భుజంతో రెండుసార్లు గుద్దింది. ఇనుము కదలలేదు. కింద లిఫ్టులో టీచరు ఏడుపు అణుచుకుంటున్న చప్పుడు కంతలోంచి పైకి వస్తోంది. ఫోనులో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"తలుపు తియ్యండి," అంది డిటెక్టివ్. "మీరని లాయరుకి తెలుసు."

"తెలియదు మేడమ్." బయట గొంతు ఆయాసపడుతోంది, అయినా మెత్తగానే ఉంది. "తెలిస్తే ఆయన ముందు నాకే చెప్పేవాడు."

గడియ మీద ఏదో తగిలిస్తున్న చప్పుడైంది. ఆ తరవాత తాళం నొక్కిన టక్కు.

"అరగంట ఇచ్చాడు మా మిత్రుడు. తొందరేం లేదు. నిదానంగా."